దిగువ అంచె జర్మన్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రను తెలుగులో రాయడం ఎలా

బెర్లిన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు ఒక ఆదివారం నాకు ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. పచ్చని మైదానం, దాని ఒడ్డున నాలుగైదు మెట్ల వరుసలు, వాటి మీద అక్కడక్కడా కూర్చున్న పెద్దవాళ్ళు, వెనక గుబురుగా చెట్లు. కొబ్బరి చెట్లు లేవన్న మాటే గాని, చూడగానే మన కోనసీమలో ఏదో హైస్కూలు మైదానం అనిపించింది. ఫొటో కింద "మావయ్యా, ఈ క్లబ్బు ఒకప్పుడు బుండెస్‌లీగాలో ఆడిందట" అని రాశాడు. బుండెస్‌లీగా అంటే జర్మన్ ఫుట్‌బాల్ లీగుల్లో అన్నిటికన్నా పై అంచె. ఆ క్లబ్బు పేరు టాస్మానియా. అమలాపురానికి దగ్గరలో ఉన్న మా ఊరి గ్రంథాలయానికి సాయంత్రాలు వచ్చే పిల్లల కోసం ఆ కథను నాలుగు కాగితాల మీద రాసి గోడకు అంటిద్దామని కూర్చున్నాను. నాలుగు రోజుల పని అనుకున్నది నాలుగు నెలలు పట్టింది. ఆ నెలల్లో నేర్చుకున్న పద్ధతిని, అటువంటి పని తలపెట్టిన మరొకరికి ఉపయోగపడుతుందని ఇక్కడ వివరిస్తున్నాను.

పెద్ద క్లబ్బు చరిత్ర రాయడానికి దారి చాలావరకు వేసే ఉంటుంది; గెలిచిన కప్పులను ఏళ్ళ వరుసలో పేర్చుకుంటూ పోతే ఒక రూపం దానంతట అదే వస్తుంది. దిగువ అంచెల్లో ఆడే క్లబ్బు సంగతి వేరు. దాని జీవితంలో కప్పుల కన్నా తెగిపోవడాలు, మళ్ళీ అతుక్కోవడాలు ఎక్కువ. పేరు మారుతుంది, మైదానం మారుతుంది, అప్పుల్లో మునుగుతుంది, పక్క పేట క్లబ్బుతో కలుస్తుంది, మూతపడి మరో పేరుతో లేస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఒక్కటిగా ఉన్న గోదావరి ఆనకట్ట దాటాక గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలి, వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోయి, ఒకటి యానాం పక్కగా, ఒకటి అంతర్వేది దగ్గర, ఒకటి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంటే, వాటిలో ఏది అసలు గోదావరి అని మనం ఎవరినీ అడగం. క్లబ్బు చరిత్ర రాసేవాడు కూడా ఏ పాయ ఎక్కడ చీలిందో, ఏ మనుషులు ఏ పాయ వెంట వెళ్ళారో జాగ్రత్తగా చెప్పాలి. అసలైన వారసుడు ఎవరన్న తీర్పుకు తొందరపడకూడదు. కింద చెప్పే ప్రతి మెళకువకూ ఆధారం ఇదే.

ముందుగా పేరు విప్పండి

క్లబ్బును ఎంచుకునేటప్పుడు నాలుగో అంచెకూ ఆరో అంచెకూ మధ్య తిరిగే దాన్ని తీసుకోవడం మంచిది. జర్మనీలో పై మూడు అంచెలు, అంటే బుండెస్‌లీగా, రెండో బుండెస్‌లీగా, మూడో లీగా, దేశమంతటికీ ఒక్కొక్కటిగా నడుస్తాయి. నాలుగో అంచె అయిన రెగియోనాల్‌లీగా 2012 నుంచి ఐదు ప్రాంతాలుగా ఉంది. దాని కింద ఒబర్‌లీగా, ఆ కింద రాష్ట్ర స్థాయివి, జిల్లా స్థాయివి వస్తాయి. మరీ అడుగున ఆడే క్లబ్బుకు రాతలో మిగిలిన ఆధారాలు తక్కువ, మరీ పైన ఉన్న క్లబ్బు గురించి ఇప్పటికే అందరూ రాసి ఉంటారు.

ఎంచుకున్నాక పేరులోని ప్రతి అక్షరాన్నీ విప్పి చూడాలి. ఎఫ్‌సి అంటే ఫుట్‌బాల్ క్లబ్బు, ఎస్‌వి అంటే క్రీడా సంఘం, టీఎస్‌వి అంటే వ్యాయామ క్రీడా సంఘం. చాలా చోట్ల 19వ శతాబ్దంలో పుట్టిన వ్యాయామ సంఘాల్లోనే తరవాత ఫుట్‌బాల్ ఒక విభాగంగా మొలకెత్తింది. 1924 ప్రాంతంలో వ్యాయామం వేరు, క్రీడలు వేరు అని రెండు వర్గాల సమాఖ్యలూ పట్టుబట్టడంతో ఎన్నో సంఘాలు నిలువునా చీలాయి. అందుచేత పేరులో కనిపించే ఏడు ఫుట్‌బాల్ మొదలైన ఏడు అనుకోవడం ప్రమాదం. మ్యూనిక్ నగరంలోని టీఎస్‌వి 1860 అనే క్లబ్బు వ్యాయామ సంఘంగా 1860లో పుట్టింది, అందులో ఫుట్‌బాల్ విభాగం వచ్చింది 1899లో. పేరు మొదట్లో ఒకటి అంకె ఉంటే, ఆ ఊళ్ళో మొదటి ఫుట్‌బాల్ క్లబ్బు అని చెప్పుకోవడం. దానికి ఏడుతో సంబంధం లేదు. బొరూసియా అన్నది ప్రష్యా రాజ్యానికి లాటిన్ పేరు, అర్మీనియా అన్నది రోమన్లను ఓడించిన అర్మీనియస్ అనే వీరుడి పేరు మీద వచ్చింది. ఇటువంటి పేర్లు కనిపిస్తే, ఆ క్లబ్బు పెట్టిన కుర్రవాళ్ళు ఏ కాలపు గాలి పీల్చారో కొంత తెలుస్తుంది.

తూర్పు జర్మనీ పేర్లు ఇంకా ఎక్కువ చెబుతాయి. అక్కడ కమ్యూనిస్టు పాలనలో చాలా జట్లు కర్మాగారాలకు, శాఖలకు అనుబంధంగా ఉండేవి కాబట్టి పేరు చూడగానే జీతం ఎవరిచ్చేవారో తెలిసిపోతుంది. లోకోమోటివ్ అంటే రైల్వే, కెమీ అంటే రసాయన పరిశ్రమ, ష్టాల్ అంటే ఉక్కు, టుర్బీనె అంటే విద్యుత్తు, విస్ముట్ అంటే యురేనియం గనులు, డైనమో అంటే పోలీసు, భద్రతా శాఖలు, ఫోర్వెర్ట్స్ అంటే సైన్యం, ట్రాక్టర్ అంటే వ్యవసాయం. ఈ చివరి మాట చెప్పినప్పుడు మా పిల్లలు వరి కోతల నాటి మన ఊళ్ళను తలచుకొని వెంటనే పట్టుకున్నారు. అటువంటి చిన్న ఆసరా దొరికిన చోట వదలకండి.

టాస్మానియా విషయంలో పేరు ఒక ద్వీపానిది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న ఆ ద్వీపానికి వలస వెళ్ళాలని స్థాపకుల్లో కొందరు కలలు కన్నారని చెప్పుకొంటారు. ఇటువంటి దాన్ని వదిలేయనక్కరలేదు, కాని "చెప్పుకొంటారు" అన్న మాటను మాత్రం తప్పక ఉంచాలి. పేరులోనే దాగిన మరో ముడి ఊరిది. 1900లో ఈ క్లబ్బు పుట్టింది రిక్స్‌డోర్ఫ్‌లో. ఆ ఊరు 1912లో నోయ్‌కోల్న్ అని పేరు మార్చుకొంది, 1920లో మహా బెర్లిన్‌లో కలిసిపోయింది. పాత కాగితాల్లో కోకనాడ అని కనిపిస్తే కాకినాడ అని మనం సర్దుకొన్నట్టే, రిక్స్‌డోర్ఫ్, నోయ్‌కోల్న్, బెర్లిన్ మూడు ఊళ్ళు కావని పాఠకుడికి మొదటే చెప్పండి.

క్లబ్బు పేరు చివర చాలాసార్లు "నమోదైన సంఘం" అనే అర్థం గల రెండు పొట్టి అక్షరాలు ఉంటాయి. జర్మన్ పౌర స్మృతి ప్రకారం అలా నమోదు కావడానికి కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. మన దగ్గర యువజన సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేయించాలన్నా ఏడుగురే కావాలి. ఈ పోలికతో సభ్యులే యజమానులన్న సంగతి మన పాఠకుడికి ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. క్లబ్బు ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు రద్దయింది అన్న ప్రశ్నలకు స్థానిక న్యాయస్థానంలోని సంఘాల రిజిస్టరే గట్టి ఆధారం.

అంచెల పేర్లను నమ్మకండి

ఈ పనిలో ఎక్కువ మంది తప్పటడుగు వేసే చోటు ఇదే. 1990 నాటి కాగితంలో "తూర్పు గోదావరి జిల్లా" అని ఉంటే అందులో అమలాపురం, కాకినాడ రెండూ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అదే పేరు గల జిల్లాలో ఆ రెండు ఊళ్ళూ లేవు. పేరు ఒకటే, హద్దులు వేరు. జర్మన్ లీగుల పేర్లు సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తాయి.

ఒబర్‌లీగా అన్న మాట 1945 తరవాత 1963 దాకా పశ్చిమ జర్మనీలో అన్నిటికన్నా పై అంచెకు పేరు. 1963 ఆగస్టు 24న 16 క్లబ్బులతో బుండెస్‌లీగా మొదలయ్యాక ఆ పేరు తెర వెనక్కి వెళ్ళి, 1974 నుంచి మూడో అంచెగా తిరిగి వచ్చింది. 1994లో నాలుగో అంచెకు, 2008లో ఐదో అంచెకు దిగింది. రెగియోనాల్‌లీగా 1963 నుంచి 1974 దాకా రెండో అంచె, 1994 నుంచి 2008 దాకా మూడో అంచె, మూడో లీగా ఏర్పడ్డ 2008 నుంచి నాలుగో అంచె. తూర్పు జర్మనీలో మాత్రం ఒబర్‌లీగా అన్న పేరు 1991 దాకా ఆ దేశపు అగ్రశ్రేణి పోటీకే ఉంది. కాబట్టి "ఈ క్లబ్బు 1960లో ఒబర్‌లీగాలో ఆడింది, ఇప్పుడూ ఒబర్‌లీగాలోనే ఆడుతోంది" అని రాస్తే ప్రతి మాటా నిజమే అయినా వాక్యం మొత్తం అబద్ధం అవుతుంది. నేను ఒక అట్ట మీద ఏడు, లీగు పేరు, అప్పటి అంచె సంఖ్య అని మూడు నిలువు గడులు గీసుకొని, ఆ అట్ట పక్కన పెట్టుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయలేదు. మీరూ లీగు పేరు మొదటిసారి వచ్చిన ప్రతి చోటా అంచె సంఖ్యను దానికి జతచేసి రాయండి.

పాయింట్ల లెక్కలో కూడా ఇదే చిక్కు ఉంది. గోడపత్రిక మొదటి ప్రతిలో, టాస్మానియా ఒక సీజన్‌లో 2 విజయాలు, 4 డ్రాలతో 8 పాయింట్లు తెచ్చుకొందని రాశాను. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వచ్చి, "గెలిస్తే మూడు కదండీ, మొత్తం పది రావాలి" అన్నాడు. వాడి కూడిక సరైనదే. బుండెస్‌లీగాలో విజయానికి మూడు పాయింట్లు ఇవ్వడం 1995 వేసవి తరవాతి సీజన్‌తో మొదలైంది, అంతకు ముందు రెండే. పాత సీజన్‌లను కొన్ని పట్టికలు కొత్త లెక్కలోకి మార్చి చూపుతాయి, కొన్ని చూపవు. ఏ లెక్కలో చెబుతున్నారో పక్కనే రాయకపోతే పాఠకుడు మీ పొరపాటనే అనుకుంటాడు, అలా అనుకునే హక్కు అతనికి ఉంది.

తెగిన చోట్ల ఆగండి

మన లంక గ్రామాల్లో పెద్దవాళ్ళను ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే "ఎనభై ఆరు వరదకు ముందు" అనో, "తొంభై ఆరు తుఫాను తరవాత" అనో చెబుతారు. ఆ రెండిటి దగ్గర జీవితం తెగి మళ్ళీ మొదలైంది కనుక కాలానికి అవే గుర్తులు. జర్మన్ క్లబ్బులకు అటువంటి గుర్తులు మూడు: 1933, 1945, 1990. ఈ మూడు చోట్లా నెమ్మదిగా నడవండి.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక కార్మికుల క్రీడా సంఘాలను నిషేధించి ఆస్తులు లాక్కున్నారు. మిగిలిన క్లబ్బుల్లో ఎన్నో యూదు సభ్యులను బయటికి నెట్టాయి. పై అంచెను గౌలీగాలు అనే 16 ప్రాంతీయ లీగులుగా మార్చారు. క్లబ్బులు యాభై ఏళ్ళకో వందేళ్ళకో వేసుకొనే ఉత్సవ సంచికలే మనకు దొరికే మొదటి ఆధారాలు. వాటిలో పాతవి చాలావరకు ఈ పన్నెండేళ్ళను అరపేజీలో దాటేస్తాయి. ఆ అరపేజీ కనిపించగానే అనుమానించాలి. అంతకు ముందు కార్యవర్గంలో ఉన్నవారి పేర్లు, ఆ తరవాతి కార్యవర్గం పేర్లు పక్కపక్కన రాసుకొని, మాయమైనవారు ఏమయ్యారో వెతకాలి. మన ఉత్సవ సంచికల్లో కూడా దాతల ఫొటోలకు పేజీలు ఉంటాయి గాని తగవులకు చోటు ఉండదు; అందుచేత ఈ మౌనాన్ని గుర్తుపట్టడం మనకు కష్టం కాదు.

ఇప్పుడు కింది అంచెల్లో ఆడుతున్న కార్ల్స్‌రూహె ఎఫ్‌వి అనే పాత క్లబ్బు 1910లో జర్మన్ విజేత. ఆ జట్టులో యూలియుస్ హిర్ష్, గాట్‌ఫ్రీడ్ ఫుక్స్ అనే ఇద్దరు యూదు ఆటగాళ్ళు ఉండేవారు, ఇద్దరూ జాతీయ జట్టుకు ఆడారు. ఫుక్స్ 1912 ఒలింపిక్స్‌లో రష్యా మీద ఒక్క మ్యాచ్‌లో 10 గోల్స్ కొట్టాడు. 1933 ఏప్రిల్‌లో దక్షిణాది ప్రముఖ క్లబ్బులు యూదులను తొలగించే విషయంలో ప్రభుత్వానికి సహకరిస్తామని ప్రకటించగా, ఆ వార్త పత్రికలో చదివిన హిర్ష్ తానే క్లబ్బు నుంచి వైదొలగాడు. 1943 మార్చిలో అతణ్ణి ఆష్‌విట్స్ అనే నాజీ మరణ శిబిరానికి పంపించారు, తిరిగి రాలేదు. ఫుక్స్ దేశం విడిచి వెళ్ళి కెనడాలో స్థిరపడి 1972లో మరణించాడు. ఈ క్లబ్బును 1891లో స్థాపించిన వాల్టర్ బెన్‌జెమాన్ 1920లో కిక్కర్ అనే క్రీడా పత్రికను పెట్టినవాడు. అతను కూడా యూదుడే, స్విట్జర్లాండ్‌కు వెళ్ళిపోయి 1934లో అక్కడే చనిపోయాడు. ఇంతటి సంగతి ఉన్న క్లబ్బు గురించి రాస్తూ 1910 కప్పుతో ఆపేస్తే, రాసినది చరిత్ర కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1945 డిసెంబరులో మిత్రరాజ్యాల నియంత్రణ మండలి తన 23వ ఆదేశంతో పాత క్రీడా సంఘాలన్నిటినీ రద్దు చేసింది. అందుకే ఆ తరవాతి నాలుగైదేళ్ళు క్లబ్బులు పాత పేర్లతో కనిపించవు, పేటల పేర్లు పెట్టుకొన్న తాత్కాలిక బృందాలుగా కనిపిస్తాయి. పేరు కనిపించలేదని క్లబ్బు ఆగిపోయిందని రాయకండి. అదే మైదానం, అదే ఆటగాళ్ళు ఉన్నారేమో చూడండి. 1990లో రెండు జర్మనీలూ ఒకటైనప్పటి తెగడం తూర్పుకే వర్తిస్తుంది. కర్మాగారాలు మూతపడి జీతం ఇచ్చే చేయి ఆగిపోవడం, మంచి ఆటగాళ్ళు పశ్చిమానికి తరలిపోవడం ఒకేసారి జరిగాయి.

ఒక సీజన్‌ను దగ్గరగా చూపండి

ప్రతి ఏడాదికీ ఒక వాక్యం రాస్తే అది చిట్టా అవుతుంది. చాలా ఏళ్ళను దాటించేసి, క్లబ్బు గుణం తెలిసే ఒక్క సీజన్‌కు ఎక్కువ చోటు ఇవ్వండి. టాస్మానియాకు అది 1965–66.

ఆ సీజన్‌ను అంకెలతో మొదలుపెడితే చదివేవాడు నవ్వుతాడు, అందువల్ల కారణంతో మొదలుపెట్టాలి. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచాక పశ్చిమ బెర్లిన్ నగరం తూర్పు జర్మనీ మధ్య దీవిలా మిగిలింది. ఆ నగరానికి వచ్చి ఆడడానికి ఆటగాళ్ళు ఇష్టపడేవారు కాదు. వాళ్ళను రప్పించడానికి హెర్తా క్లబ్బు నిబంధనలు అనుమతించిన దానికన్నా ఎక్కువ డబ్బు ముట్టజెప్పింది. అది బయటపడి 1965లో హెర్తాను బుండెస్‌లీగా నుంచి తొలగించారు. కాని పశ్చిమ బెర్లిన్ నుంచి ఒక క్లబ్బైనా ఉండి తీరాలన్నది ఆనాటి రాజకీయ అవసరం. బెర్లిన్ రెగియోనాల్‌లీగాలో, అంటే అప్పటి రెండో అంచెలో, మొదటి స్థానంలో నిలిచిన టెన్నిస్ బొరూసియా పైకెక్కే పోటీల్లో అప్పటికే ఓడిపోయింది. రెండో స్థానంలోని ష్పాండావ్ క్లబ్బు వద్దంది. మూడో స్థానంలోని టాస్మానియా ఒప్పుకొంది. లీగును 16 నుంచి 18 క్లబ్బులకు పెంచారు. సీజన్ మొదలు కావడానికి మిగిలింది రెండు వారాలు. టాస్మానియా 1959, 1960, 1962లలో బెర్లిన్ విజేతగా నిలిచిన గట్టి జట్టే అయినా, కింది అంచె కోసం కూర్చుకొన్న ఆటగాళ్ళతో, రెండు వారాల గడువుతో దేశంలోని మేటి జట్ల ముందు నిలబడవలసి వచ్చింది. జాతీయ జట్టు ఆటగాడు హోర్స్ట్ షిమానియాక్‌ను తెచ్చుకొన్నా ఆ లోటు పూడలేదు.

ఇంత చెప్పాక అంకెలు రాయండి, అప్పుడు వాటికి బరువు వస్తుంది. ఆగస్టు 14న ఒలింపిక్ స్టేడియంలో 80,000 మందికి పైగా జనం ముందు కార్ల్స్‌రూహె ఎస్‌సిని (పైన చెప్పిన ఎఫ్‌వి కాదు, వేరే క్లబ్బు) 2–0తో ఓడించి సీజన్ మొదలుపెట్టారు. ఆ తరవాత వరసగా 31 మ్యాచ్‌లు గెలుపు లేదు. 1966 జనవరి 15న అదే స్టేడియంలో మెన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌తో ఆడిన రోజున వచ్చినవారు 827 మంది. మార్చిలో మైడెరిష్ క్లబ్బు చేతిలో సొంత మైదానంలోనే 0–9తో ఓడారు. మే 21న నోయిన్‌కిర్షెన్ మీద 2–1తో రెండో విజయం వచ్చింది. మొత్తం 34 మ్యాచ్‌లలో 2 విజయాలు, 4 డ్రాలు, 28 ఓటములు. కొట్టినవి 15 గోల్స్, ఇచ్చినవి 108. పాత లెక్కలో 8 పాయింట్లు. ఈ అంకెలను నేను కూడి చూసుకొన్నాను: మొదటి విజయం, 31 గెలుపులేని ఆటలు, రెండో విజయం, చివరి ఆట కలిపితే 34 అవుతుంది. మీరు రాసే ప్రతి సీజన్‌లోనూ విజయాలు, డ్రాలు, ఓటములు కలిపితే ఆడిన మ్యాచ్‌ల సంఖ్య రావాలి. రాకపోతే ఎక్కడో ఒక ఆధారం తప్పు. ఈ చిన్న కూడిక ఎన్నో పొరపాట్లను ముందే పట్టిస్తుంది.

ఆ చెడ్డ రికార్డు ఇప్పుడు ఆ క్లబ్బుకు ఒక ఆస్తి. 2020–21లో షాల్కె జట్టు గెలుపు లేకుండా 30 మ్యాచ్‌ల దాకా వచ్చినప్పుడు జర్మనీ అంతా మళ్ళీ టాస్మానియా పేరు తలచుకొంది. 2021 జనవరి 9న షాల్కె 4–0తో హోఫెన్‌హైమ్‌ను ఓడించడంతో 31 అన్న సంఖ్య చెరగకుండా నిలిచింది. పాత సీజన్‌కు ఇలా తరవాతి కాలంలో ఏం విలువ వచ్చిందో కూడా ఆ సీజన్ చెప్పిన చోటే చెప్పేస్తే కథ మళ్ళీ వెనక్కి తిరగనక్కరలేదు.

మైదానానికి కూడా సొంత చరిత్ర ఉంటుంది, దాన్ని విడిగా వెతకండి. మా మేనల్లుడు పంపిన ఫొటోలోని మైదానం పేరు వెర్నర్ జేలెన్‌బిండర్ క్రీడా ప్రాంగణం. జేలెన్‌బిండర్ మల్లయోధుడు, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందాడు, కమ్యూనిస్టు, నాజీలకు ఎదురు నిలిచినవాడు; 1944 అక్టోబరు 24న అతన్ని చంపేశారు. 1945లో అతని చితాభస్మాన్ని ఈ మైదానం దగ్గరే భూస్థాపితం చేసి దీనికి అతని పేరు పెట్టారు. తరవాత పశ్చిమ బెర్లిన్‌లో కమ్యూనిస్టుల పట్ల వైరం పెరిగిన రోజుల్లో ఆ పేరు తీసేశారు, 2004లో తిరిగి పెట్టారు. ఒకే మైదానానికి రెండు పేర్లు కనిపించినప్పుడు రెండు మైదానాలనుకోకుండా ఉండడానికే కాక, ఆ పేట ఎవరిని ఎప్పుడు గుర్తుంచుకోదలచిందో తెలియడానికి కూడా ఈ వెతుకులాట పనికివస్తుంది.

మూతపడ్డాక ఏం రాయాలి

1973లో టాస్మానియా 1900 అప్పులు తీర్చలేక దివాలా తీసి రద్దయింది. అదే ఏడాది టాస్మానియా 73 పేరుతో కొత్త సంఘం నమోదై ఆట కొనసాగించింది. ఆ సంఘం పేరు తరవాత పక్కనున్న గ్రోపియుస్‌ష్టాట్‌ను కలుపుకొని మారింది, 2011 నుంచి ఎస్‌వి టాస్మానియా బెర్లిన్ అయింది. 2021లో నాలుగో అంచెకు ఎక్కి, ఒక్క సీజన్ ఆడి దిగింది. చట్టం ప్రకారం చూస్తే 1973లో పుట్టిన క్లబ్బు ఇది. పేట జనానికి మాత్రం 1900 నాటిదే. నేను రెండు ఏళ్ళనూ పక్కపక్కన రాసి, ఏది ఏ కాగితం చెబుతుందో, ఏది ఏ మనుషులు చెబుతారో వివరించి వదిలేశాను.

లైప్‌జిగ్‌లోని లోకోమోటివ్ క్లబ్బు ఈ విషయంలో మరింత నేర్పుతుంది. వీఎఫ్‌బీ లైప్‌జిగ్ 1903లో డీఎఫ్‌సి ప్రాగ్‌ను 7–2తో ఓడించి మొట్టమొదటి జర్మన్ విజేత అయింది. యుద్ధం తరవాత అది రద్దయి, ప్రోబ్‌స్ట్‌హైడా అనే అదే పేటలో పలు పేర్లు మారి, 1966లో లోకోమోటివ్‌గా నిలబడింది. 1987లో ఏథెన్స్‌లో యూరోపియన్ కప్ విజేతల కప్ ఫైనల్‌లో అయాక్స్ చేతిలో 0–1తో ఓడింది. దేశం ఏకమయ్యాక 1991లో పాత వీఎఫ్‌బీ పేరు తిరిగి తగిలించుకొని, 1993–94లో బుండెస్‌లీగాలో ఒక్క సీజన్ ఆడి, 2004లో దివాలాతో ముగిసింది. అభిమానులు అంతకు ముందే, 2003లో, లోకోమోటివ్ పేరుతో కొత్త సంఘం పెట్టుకొన్నారు. అది పదకొండో అంచె నుంచి ఆట మొదలుపెట్టింది. ఆ అట్టడుగు అంచెలో 2004 అక్టోబరులో ఒక మ్యాచ్‌కు 12,421 మంది వచ్చారు. బుండెస్‌లీగాలో 827 మంది వచ్చిన ఆటనూ పదకొండో అంచెలో 12,421 మంది వచ్చిన ఆటనూ మా గోడ మీద ఒకదాని కింద ఒకటి రాసి పెట్టాను, పిల్లలు ఎక్కువసేపు నిలబడి చూసింది వాటినే.

ఇక భాష గురించి రెండు మాటలు. జర్మన్ పేర్లను ఇంగ్లిషు పలుకుబడితో రాయకండి. ఇంగ్లిషులో డబ్ల్యు అనే అక్షరం జర్మన్‌లో వకారం, వి అనేది చాలా మాటల్లో ఫకారం, జె అనేది యకారం, జెడ్ అనేది ట్సకారం. ఇ, ఐ పక్కపక్కన వస్తే ఐత్వం, ఐ, ఇ వస్తే ఈత్వం పలకాలి. అయితే లైప్‌జిగ్, మ్యూనిక్ వంటివి పత్రికల్లో స్థిరపడిపోయాయి, వాటిని కదిలించవద్దు. పై అంచెకు ఎక్కడం, కింది అంచెకు దిగడం అన్న మాటలు మన పాఠకుడికి చక్కగా అందుతాయి. లీగు, గోల్, డ్రా, సీజన్, క్లబ్బు మాటలను అలాగే ఉంచడం మేలు.

సందేహం తీరకపోతే క్లబ్బుకే జర్మన్‌లో నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి, ఒక ఉత్తరంలో ఒక ప్రశ్న మాత్రమే అడగండి. నేను రెండు క్లబ్బులకు రాస్తే ఒక దాని నుంచి పాత కార్యవర్గ సభ్యుడొకరు పేజీ పొడవున జవాబిచ్చారు. ఆట కూడా కనీసం రెండుసార్లు చూడాలి, చూడకుండా రాసినది ఎండుటాకులా ఉంటుంది. వాళ్ళ మధ్యాహ్నం రెండు గంటల మ్యాచ్ మనకు వేసవిలో సాయంత్రం ఐదున్నరకు, చలికాలంలో ఆరున్నరకు మొదలవుతుంది; పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని కూర్చోవడానికి సరిపోయే వేళ.

గోడకు అంటించే ముందు క్లబ్బు ఇప్పుడున్న అంచెను చివరి గడిలో పెన్సిల్‌తోనే రాసి పక్కన తేదీ వేయండి. మే, జూన్ నెలల్లో అక్కడ సీజన్ ముగియగానే దాన్ని చెరిపి మళ్ళీ రాయవలసి రావచ్చు.